పోమెరోల్ మెర్లో: కోత రోజే కీలకం

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి తూర్పున, డోర్డోన్ నదికి కుడి ఒడ్డున పోమెరోల్ ఉంది. అక్కడి వైన్ ద్రాక్ష తోటలన్నీ కలిపినా సుమారు 800 హెక్టార్లే. ప్రపంచమంతా పేరున్న ల పాఁ తోట మూడు హెక్టార్లు కూడా ఉండదు. ఈ ప్రాంతాన్ని ఏలేది మెర్లో అనే నల్ల ద్రాక్ష రకమే.

కారణం బంకమట్టి. అది నీటిని పట్టి ఉంచుతుంది, త్వరగా వేడెక్కదు. అలాంటి చల్లటి నేలలో కాబెర్నే సావిన్యోఁ అనే మరో నల్ల ద్రాక్ష రకం పండటానికి అవస్థ పడుతుంది. మెర్లో దానికంటే వారం పది రోజుల ముందే పండుతుంది. అయితే ముందే చిగురిస్తుంది కాబట్టి ఏప్రిల్ మంచుకు చిగుళ్లు మాడిపోతాయి. పూత సమయంలో చలివాన పడితే పిందె నిలవదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి తోటలు చూసినవారికి పోమెరోల్ మొక్క మరీ పొట్టిగా కనిపిస్తుంది. హెక్టారుకు 6,000 మొక్కలు నాటి, 4,000 లీటర్ల వైన్ తీశారనుకోండి: 750 మిల్లీలీటర్ల సీసాలు 5,300 వస్తాయి. మొక్కకు ఒక సీసా కూడా పడదు.

నా దృష్టిలో చిన్న తోటకున్న అసలు బలం కోత రోజును ఎంచుకోగలగడం. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది. 240 గ్రాములుంటే 14 శాతం. కానీ చక్కెర లెక్క ఒక్కటే చాలదు, గింజ నమిలి చూడాలి. పచ్చగా ఉండి నాలుక పట్టేస్తే ఆగాలి. గోధుమరంగుకు తిరిగి కరకరలాడితే కోయాలి. మెర్లోకు ఆ అదను కొద్ది రోజులే. దాటితే పులుపు పడిపోయి, ఉడికిన పండు రుచి వస్తుంది. వాన పడితే పలచటి తొక్క చిట్లి గుత్తి కుళ్లుతుంది. పెద్ద తోటలో కోత రోజుల తరబడి సాగుతుంది. చిన్న తోటలో ఒక్కో మడి పండిన పూటే మనుషులను దింపొచ్చు.

తొడిమలు తీసిన పండ్లు తొట్టెలో 28 డిగ్రీల దగ్గర పులియాలి. 35 దాటితే ఈస్ట్ చచ్చి, చక్కెర మిగిలి, బాక్టీరియా చేరుతుంది. తొక్కలు పైకి తేలి గట్టి పొర కడతాయి. రోజుకు రెండుసార్లు ఆ పొరను రసంలోకి ముంచాలి. ఎండనిస్తే పైభాగం వినిగర్ వాసన కొడుతుంది.

తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాలు. చెక్క గుండా వైన్ ఆవిరై మట్టం తగ్గుతుంది. ఆ ఖాళీని వారం వారం అదే వైన్‌తో నింపాలి. మూడు నెలలకోసారి మడ్డి వదిలేసి తేటను వేరే పీపాలోకి మార్చాలి. వగరు ఇంకా మొరటుగా ఉంటే పీపాకు నాలుగైదు కోడిగుడ్ల తెల్లసొన కలుపుతారు. అది వగరును పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఏడాదిన్నరకు సీసాల్లోకి ఎత్తుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.