గొంతు పట్టేస్తోందంటే అలర్జీనా, టెన్షనా?

అందరికీ నమస్కారం. పనులు మానుకుని ఇంతమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. ఎనిమిదో తరగతి చదివే పాప ఉన్నట్టుండి "గొంతు పట్టేస్తోంది, ఊపిరి ఆడట్లేదు, చచ్చిపోతానేమో" అని ఏడుస్తుంటే, అది అలర్జీనా, పరీక్షల టెన్షనా అన్నది పక్కనున్న పెద్దవాళ్ళు అక్కడికక్కడే తేల్చుకోవాలి. డాక్టర్ అక్కడ ఉండడు. ఉండేది మీరే. వార్డెనో, క్లాస్ టీచరో, అమ్మమ్మో, స్కూల్ బస్సులో ఆయమ్మో. నేను పిల్లల డాక్టర్ని, అయినా ఈ మాటలు తోటి డాక్టర్లకంటే మీకే ఎక్కువ అవసరం అనిపించి వచ్చాను.

ఈ రెండూ ఒకేలా ఎందుకు కనబడతాయో ముందు చెప్తాను. భయం వేస్తే మన ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది, దాంతో గుండె దడ, చేతుల వణుకు, ముచ్చెమటలు. అలర్జీ ముదిరితే, దాన్ని అనాఫిలాక్సిస్ అంటాం, ఒంట్లో కొన్ని కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాల్ని ఒక్కసారిగా వదిలేస్తాయి, రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు బిగుసుకుపోతాయి, ఆ దెబ్బని తట్టుకోవడానికి ఒళ్ళు మళ్ళీ అదే అడ్రినలిన్ని వదులుతుంది. అందుకే దడ, చెమట, వణుకు, కళ్ళు తిరగడం, చచ్చిపోతానన్న భయం రెండింట్లోనూ ఉంటాయి. వాటిని చూసి తేల్చలేం. "బాగా భయపడిపోతోంది కదా, టెన్షనే అయ్యుంటుంది" అనుకోవడం చాలా ప్రమాదం, ఎందుకంటే అనాఫిలాక్సిస్ మొదలైన పిల్లలు కూడా అంతే భయపడతారు.

మరి దేన్ని చూడాలి? ముందు చర్మం. ముఖం ఒక్కటే చూస్తే సరిపోదు, చొక్కా పైకెత్తి పొట్ట, వీపు, చంకలు, మోచేతి మడతలు చూడండి. అలర్జీ దద్దుర్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, దురద పెడతాయి, ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తాయి. పెదాలు, కనురెప్పలు ఉబ్బుతాయి. టెన్షన్‌లో కూడా కొంతమంది పిల్లలకి మెడ మీద, ఛాతీ మీద ఎర్రగా చారలొస్తాయి కానీ అవి చదునుగా ఉంటాయి, దురద ఉండదు, కాసేపటికి వాటంతటవే పోతాయి. ఇక్కడో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, అనాఫిలాక్సిస్ కేసుల్లో 10 నుంచి 20 శాతం దాకా చర్మం మీద ఏమీ కనబడదు. దద్దుర్లు లేవు కాబట్టి అలర్జీ కాదు అని ఎప్పుడూ అనుకోవద్దు.

తర్వాత గొంతు, ఊపిరి. పిల్లతో మాట్లాడించండి. గొంతు బొంగురుపోయిందా, ఆగకుండా పొడిదగ్గు వస్తోందా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తున్నాయా, లాలాజలం మింగలేక కారిపోతోందా, డొక్కలు ఎగరేస్తోందా? ఇవి టెన్షన్‌లో ఉండవు. టెన్షన్‌లో ఊపిరి వేగంగా, లోతుగా, నిట్టూర్పుల్లాగా ఉంటుంది. అలా ఎక్కువసేపు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అప్పుడు మూతి చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు వస్తాయి, ఒక్కోసారి వేళ్ళు కొంకర్లు పోతాయి. అది చూసి ఇంట్లోవాళ్ళు ఫిట్స్ అనో, గాలి సోకిందనో హడలిపోతారు. ఊపిరి నెమ్మదించగానే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. మూతి దగ్గర ఏదోలా ఉందని పిల్ల చెప్తే తిమ్మిరా, దురదా అని అడగండి. నాలుకని పళ్ళతో గీక్కుంటోందంటే, చెవులు లాక్కుంటోందంటే అది దురద, అలర్జీ వైపు చూపిస్తుంది.

పొట్ట సంగతి చాలామంది మర్చిపోతారు. తిన్న కాసేపటికే మళ్ళీ మళ్ళీ వాంతులు, మెలిపెట్టే నొప్పి వస్తే, దానికి తోడు దద్దుర్లో దగ్గో ఉంటే, అది అనాఫిలాక్సిస్. టెన్షన్‌కి కూడా కడుపులో తిప్పుతుంది, ఒక వాంతి అవ్వొచ్చు, ఆగకుండా అవ్వడం మామూలు కాదు. ఇక పిల్లలు మెత్తబడిపోయి, తెల్లగా పాలిపోయి, పిలిస్తే మగతగా ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు.

అంతకుముందు ఏం జరిగిందో కూడా అడగాలి. ఆహారం వల్ల వచ్చే అలర్జీ చాలావరకు తిన్న నిమిషాల్లోనే, లేదంటే రెండు గంటల లోపల మొదలవుతుంది. కందిరీగ కుట్టినా, ఏదైనా మాత్రో ఇంజెక్షనో పడినా ఇంకా త్వరగా రావొచ్చు. పానిక్ అటాక్, అంటే టెన్షన్ ఒక్కసారిగా ముదిరి ఇలా ముంచుకొచ్చే భయం, అయితే సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి, అరగంటలో మెల్లగా దిగిపోతుంది. కానీ అలర్జీ ఉన్న పిల్లల విషయంలో ఆ పది నిమిషాలూ గడియారం చూస్తూ కూర్చోవద్దు. వయసు కూడా చూడండి. పానిక్ అటాక్‌లు ఎక్కువగా పదకొండు, పన్నెండేళ్ళు దాటాక మొదలవుతాయి. మూడేళ్ళ బాబు పల్లీ చిక్కీ తిని ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అది టెన్షన్ కాదు, అలర్జీ అయ్యుంటుంది, లేదా పలుకు గొంతుకి అడ్డం పడి ఉంటుంది.

నేను చూసిన ఒక పాప గురించి చెప్తాను. జీడిపప్పు పడదు, హాస్టల్లో ఉంటుంది, పరీక్షల ముందు రెండుసార్లు పానిక్ అటాక్ వచ్చిందని అందరికీ తెలుసు. ఒకరోజు ఫ్రెండ్ పుట్టినరోజు చాక్లెట్ తింది, పది నిమిషాలకి గొంతులో ఏదో అడ్డంగా ఉందంది. గదిలో పిల్లలంతా "మేడమ్, దీనికి మళ్ళీ టెన్షన్ వచ్చింది" అన్నారు. వార్డెన్ గారు ఆ మాట వినేసి ఊరుకోలేదు. పాప పక్కన కూర్చుని పేరు చెప్పమన్నారు, గొంతు బొంగురుగా వచ్చింది. ప్రతి రెండు మాటలకీ దగ్గుతోంది. కుర్తా చెయ్యి పైకి మడిచి చూస్తే మోచేతి లోపల నాలుగు దద్దుర్లు, అప్పుడే లేస్తున్నాయి. నడిపించకుండా ఎత్తుకుని కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. అడ్రినలిన్, ఇందాక చెప్పిన ఆ హార్మోనే, ఇంజెక్షన్‌గా పడ్డాక కొద్ది నిమిషాల్లో ఊపిరి తేరుకుంది. ఆవిడకి వైద్యం తెలియదు, చెయ్యి మడిచి చూడటం ఒక్కటే చేశారు. పానిక్ అటాక్ వచ్చిన చరిత్ర ఉన్న పిల్లలకి కూడా అలర్జీ వస్తుంది, అలర్జీ ఉన్న పిల్లలకే భయం కూడా ఎక్కువ, కాబట్టి పాత పేరు పెట్టి కొత్త జబ్బుని కొట్టిపారేయకండి.

ఎంత చూసినా తేలకపోతే? తెలిసిన అలర్జీ ఉండి, అనుమానం ఉంటే అనాఫిలాక్సిస్ అనుకునే నడవండి. అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ మధ్యలో బయటివైపు కండలోకి చెయ్యాలి. మోతాదు బరువుని బట్టి, కేజీకి 0.01 మి.గ్రా. ఒక మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే ఆంపూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) అయితే 20 కేజీల బాబుకి 0.2 మి.లీ. ఇది మీ డాక్టర్ రాసిచ్చి, నేర్పించి ఉండాలి, నా మాట విని మీరే లెక్కలు కట్టుకోకండి. అది నిజానికి టెన్షనే అయితే ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఏమవుతుంది? ఇంకాసేపు గుండె కొట్టుకుంటుంది, వణుకుతుంది, పాలిపోతుంది, తగ్గిపోతుంది. అదే అలర్జీని టెన్షన్ అనుకుని కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు పొరపాట్లూ ఒక్కటి కాదు. ఇంజెక్షన్ తర్వాత వచ్చే ఆ వణుకుని చూసి "అయ్యో ఎక్కువైంది" అని కంగారు పడకండి, అది మందు గుణం. ఐదు నిమిషాలకి తగ్గకపోతే రెండో డోసు.

మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఏంటంటే ఒక ఏవిల్ మాత్రో, సిట్రిజినో వేసి చూద్దాం అనడం. అవి దురద తగ్గిస్తాయి, దద్దుర్లు తగ్గిస్తాయి, పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతుని ఆపలేవు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. అవి తర్వాత ఇచ్చుకోవచ్చు, ముందు అడ్రినలిన్, 108కి ఫోన్. పిల్లని లేపి నిలబెట్టకండి, నడిపించకండి, బీపీ పడిపోయినప్పుడు హఠాత్తుగా లేపితే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి. కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. కుదుటపడ్డాక కూడా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉంచాలి, కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది. వేలికి ఆక్సిమీటర్ పెట్టి 98 ఉంది కదా అని ధీమా పడొద్దు, అనాఫిలాక్సిస్ మొదట్లో అది మామూలుగానే ఉండొచ్చు.

అమెరికాలో ఉండే మనవలు సెలవులకి వస్తే సూట్‌కేసులో ఎపిపెన్, అంటే తొడకి నొక్కితే అడ్రినలిన్ ఎక్కించే పెన్ను, ఉంటుంది, 2024లో అక్కడ ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకి కూడా అనుమతి వచ్చింది. వచ్చిన రోజే అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ వాడటం నేర్చుకోండి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, బీరువాలో పెట్టి తాళం వేస్తే ఉపయోగం లేదు.

ఇవేవీ లేవు, చర్మం, గొంతు, పొట్ట అన్నీ బాగున్నాయి, ఏమీ తినలేదు, పరీక్ష హాల్లోకి వెళ్ళబోతూ వచ్చింది అనుకోండి. అప్పుడు అది టెన్షనే. అలాగని "ఏం లేదులే, నాటకాలు ఆడకు" అనకండి. ఆ పిల్ల పడే బాధ నిజం. చుట్టూ మూగినవాళ్ళని పంపేయండి, పక్కన కూర్చోండి, మీరే నెమ్మదిగా ఊపిరి తీసి ఇంకా నెమ్మదిగా వదలండి, మీతోపాటు చెయ్యమనండి. కవర్లో ఊపిరి తీయించే పద్ధతి మానేయండి, అది ఆస్తమానో అలర్జీనో అయితే ప్రాణాలకే మోసం. మళ్ళీ మళ్ళీ వస్తుంటే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఒకసారి అనాఫిలాక్సిస్ వచ్చిన పిల్లలు తర్వాత అన్నం ముందు కూర్చోవడానికే భయపడతారు. పక్కింట్లో పల్లీలు వేయించిన వాసనకే గొంతు పట్టేసిందంటారు. ఆ వాసనలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ ఉండదు కాబట్టి అది దాదాపు ఎప్పుడూ భయమే. రొయ్యలు, చేపలు ఉడికే ఆవిరి మాత్రం వేరు, దాంట్లో ప్రోటీన్ గాల్లోకి లేస్తుంది, రొయ్యలు పడని బాబుని ఆ వంటింట్లో ఉంచకండి. ఏది నిజంగా ప్రమాదం, ఏది కాదు అన్నది అలర్జీ డాక్టర్ తన కళ్ళముందు, అన్నీ సిద్ధంగా పెట్టుకుని పరీక్షించి చెప్తే పిల్లలకి ధైర్యం వస్తుంది. ఇంట్లో మీరు ప్రయోగాలు చెయ్యొద్దు.

అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇవాళ వెళ్ళేలోపు క్లాస్ టీచర్‌తో కూర్చుని ఒక కాగితం రాయించండి. ఏది పడదు, మొదట ఏం కనబడుతుంది, మందు ఎక్కడుంది, బరువు ఎంత, ఎవరికి ఫోన్ చెయ్యాలి. పానిక్ అటాక్‌లు వస్తుంటే అది కూడా రాయండి, దాచకండి, అవి వచ్చినప్పుడు మీ పాప ఎలా ఉంటుందో రాయండి, తేడా పట్టుకోవడానికి టీచర్‌కి పనికొస్తుంది. ఉత్త సిరంజి, మందులేని ప్రాక్టీస్ పెన్ తెచ్చాను. వార్డెన్లు, ఆయమ్మలు ముందు రండి, తొడ మీద ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను.