కళ్లద్దాలు తీసిన ఆ క్షణం

నమస్కారం. ముందుగా మిమ్మల్ని ఒక గదిలోకి తీసుకువెళతాను.

మెట్రోపాలిస్ నగరంలో విలేఖరి లోయిస్ లేన్ ఉండే ఇల్లు. కొద్దిసేపటి క్రితమే ఆమె సూపర్‌మ్యాన్ చేయి పట్టుకుని నగరం మీదుగా, మబ్బుల మీదుగా విహరించి వచ్చింది. ఆ మైకం ఇంకా దిగలేదు. ఇంతలో తలుపు చప్పుడైంది. వచ్చినవాడు క్లార్క్ కెంట్, ఆమెతో పాటు డెయిలీ ప్లానెట్ పత్రికలో పనిచేసే బిడియస్తుడు. సూపర్‌మ్యానే ఈ క్లార్క్ వేషంలో తిరుగుతున్నాడని ఆమెకు తెలియదు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి బయటికి వెళ్లాలని ముందే అనుకున్నారు. ఆమెకు ఆ సంగతే గుర్తు లేదు. తయారై వస్తానని లోపలికి వెళ్లింది. గదిలో అతను ఒక్కడే మిగిలాడు.

ఇప్పుడు చూడండి. అతను కళ్లద్దాలు తీస్తాడు. వంగిన వెన్ను నిటారవుతుంది. ముడుచుకున్న భుజాలు విచ్చుకుంటాయి. మెడ నిలుస్తుంది, దవడ బిగుస్తుంది, కళ్లు ఒక చోట కుదురుకుంటాయి. "లోయిస్" అని పిలిస్తే ఆ గొంతు క్లార్క్‌ది కాదు. నిజం చెప్పేయాలని నిర్ణయించుకున్న మనిషి గొంతు అది. అంతలో ఆమె మాట వినబడుతుంది. అతని ధైర్యం జారిపోతుంది. భుజాలు మళ్లీ ముడుచుకుంటాయి, కళ్లద్దాలు ముక్కు మీదికి వస్తాయి, గొంతు సన్నబడుతుంది. ఎత్తు కూడా తగ్గినట్టే కనిపిస్తుంది. గ్రాఫిక్స్ లేవు, దుస్తులు మారలేదు. ఉన్నదల్లా ఒక నటుడు, అతని వెన్నెముక, అతని ఊపిరి.

1978 డిసెంబరులో విడుదలైన 'సూపర్‌మ్యాన్' సినిమాలోని సన్నివేశమిది. దర్శకుడు రిచర్డ్ డానర్, నటుడు క్రిస్టఫర్ రీవ్. ఈ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టుకోలేదు. ఎప్పుడు చూసినా ఇక్కడికి వచ్చేసరికి ఒకసారి వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాను. నాలాంటి వాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని ఎవరైనా అడిగితే అభిమానులు వాదనకు దిగరు, ఈ ముక్క చూపిస్తారు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సినిమా మీద ఇంత ప్రేమ ఎందుకు ఉంది? ఎగరడం చూపించినందుకేనని చాలామంది అనుకుంటారు. మనిషి ఎగరగలడని మీరు నమ్ముతారు అన్నదే అప్పటి పోస్టర్ మీది మాట. కానీ ఎగరడాన్ని ఇంతకన్నా గొప్పగా చూపించిన సినిమాలు ఆ తర్వాత చాలా వచ్చాయి. ఎగరగలిగి కూడా మెత్తగా ఉండే మనిషిని ఇంత నిజాయితీగా చూపించినవి మాత్రం చాలా తక్కువ. నా నమ్మకం ఇదే, ఈ వీడియోలో చెప్పదలుచుకున్నదీ ఇదే.

రీవ్ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని రంగస్థల నటుడు. న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లో నటన నేర్చుకున్నాడు. ఎంపికైనప్పుడు వయసు 24 ఏళ్లు. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు ఉన్నా మనిషి బక్కపలచన. దుస్తుల లోపల మెత్తలు పెట్టి కండలున్నట్టు చూపిద్దామన్నారు. అతను ఒప్పుకోలేదు. తొలి 'స్టార్ వార్స్' చిత్రంలో డార్త్ వేడర్ ముసుగు వెనక ఉన్న డేవిడ్ ప్రౌజ్ దగ్గర వ్యాయామం చేసి శరీరాన్ని తయారు చేసుకున్నాడు. అయితే అభిమానులు గుర్తుపెట్టుకున్నది ఆ కండలను కాదు. క్లార్క్ కోసం అతను ఎంచుకున్న నమూనా పాతతరం హాలీవుడ్ నటుడు క్యారీ గ్రాంట్. 1938 నాటి ఒక హాస్య చిత్రంలో గ్రాంట్ వేసిన కళ్లద్దాల శాస్త్రవేత్త పాత్రలోని తడబాటును తీసుకుని తన క్లార్క్‌ను మలిచాడు. క్లార్క్‌కు పాపిడి ఒక పక్క, సూపర్‌మ్యాన్‌కు మరో పక్క. ఇంత శ్రద్ధ పెట్టినవాడి పేరు తెర మీద అప్పటికే పెద్ద తారలైన మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్‌ల పేర్ల తర్వాతే పడింది.

డానర్ పట్టుదల మరో రకం. ఆ రోజుల్లో అమెరికాలో ఇలాంటి కథలంటే పిల్లల వ్యవహారమని చులకన. టీవీలో వచ్చిన బ్యాట్‌మ్యాన్ లాగా వెక్కిరింతగా తీస్తే చాలని చాలామంది అనుకునేవారు. డానర్ చేతికి వచ్చిన స్క్రిప్టు కూడా ఆ ధోరణిలోనే ఉంది. ఆయన స్నేహితుడు టామ్ మాంకివిచ్‌ను పిలిపించి మళ్లీ రాయించాడు. చూసేవాడికి ఇది నిజమేననిపించాలి అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి బోర్డు మీద రాయించి అందరికీ కనిపించేలా పెట్టాడు. మనకు తెలియని కాలంలో, వేరే దేశంలో ఒక దర్శకుడు మన కోసం గోడకు తగిలించిన మాట అది. చూసేవాణ్ని గౌరవించాలన్న పట్టింపు ఆ సినిమాలో ప్రతి చోటా తెలుస్తుంది.

ఎగరడం సంగతే తీసుకోండి. ముందు బొమ్మను ఫిరంగితో పేల్చి చూశారు. మనిషి ఆకారంలో రిమోట్ విమానం ఎగరేశారు. ఏదీ నమ్మేలా లేదు. చివరికి జోరాన్ పెరిసిచ్ అనే సాంకేతిక నిపుణుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. నటుడు ఉన్నచోటే ఉంటాడు. వెనక దృశ్యాన్ని వేసే ప్రొజెక్టర్‌కూ, ఎదురుగా ఉన్న కెమెరాకూ జూమ్ కటకాలు అమర్చి రెండింటినీ ఒకేసారి కదిలిస్తారు. వెనక దృశ్యం ఉన్నంతే ఉన్నట్టు కనిపిస్తుంది, మనిషి మాత్రం మన మీదికి దూసుకొస్తాడు. కానీ యంత్రం సగమే చేస్తుంది. రీవ్‌కు విమానాలు, గ్లైడర్లు నడపడం వచ్చు. మలుపు తిరిగేటప్పుడు గ్లైడర్ ఎలా ఒరుగుతుందో అతని ఒంటికి తెలుసు. తీగలకు వేలాడుతూ కూడా అలాగే ఒరిగాడు. గాలిని చూసిన మనిషి కాబట్టే లేని గాలిని మనకు చూపించగలిగాడు.

జాన్ విలియమ్స్ సంగీతం గురించి మాటల్లో చెప్పడం కష్టం. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన ఆ కవాతు బాణీలో ఒక చోట వాయిద్యాలే "సూ-పర్-మ్యాన్" అని పలుకుతున్నట్టు ఉంటుంది. సినిమా మొదట్లో నీలి కాంతిలో పేర్లు అంతరిక్షం నుంచి దూసుకొస్తుంటే ఆ చోటు ఒకసారి హెడ్‌ఫోన్‌తో వినండి.

ఆ పేర్లలో రెండు పేర్ల కోసం నేను ఆగుతాను: జెర్రీ సీగల్, జో షుస్టర్. 1938లో బొమ్మల కథల పుస్తకం ద్వారా సూపర్‌మ్యాన్‌ను లోకానికిచ్చిన అమెరికాలోని క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు వాళ్లు. హక్కులు 130 డాలర్లకు పోయాయి. ఆ పాత్ర కోట్లు సంపాదిస్తుంటే సృష్టించినవాళ్లు ఇబ్బందుల్లో బతికారు. 1975లో పత్రికలకెక్కి పోరాడాకే ఏటా కొంత పింఛనూ, సూపర్‌మ్యాన్ కథల మీద తమ పేరూ దక్కాయి. మూడేళ్ల తర్వాత ఆ పేర్లు వెండితెర మీద అంత పెద్దగా వెలిగాయి. ఆ వరుస కనిపించినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

ఇక ఈ సినిమా మీద ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. చివర్లో భూకంపంలో లోయిస్ చనిపోతుంది. సూపర్‌మ్యాన్ భూమి చుట్టూ తిరిగి తిరిగి కాలాన్నే వెనక్కి మళ్లిస్తాడు. ఇది మోసం, ఏదైనా చేయగలిగితే ఇక కథేముంది అంటారు. ఆ మాట నాకు అర్థమవుతుంది. కానీ ఒకసారి సినిమా మొదటి భాగంలోకి రండి.

గోధుమ చేలు, కెన్సాస్ రాష్ట్రంలోని స్మాల్‌విల్ ఊరు. చిత్రీకరించింది మాత్రం కెనడాలోని ఆల్బెర్టాలో. వేరే గ్రహం నుంచి వచ్చిన అతన్ని పెంచిన తండ్రి జొనాథన్ పాత్రలో గ్లెన్ ఫోర్డ్ కనిపించేది కొన్ని నిమిషాలే. నువ్వు ఇక్కడికి వచ్చింది ఏదో ఒక కారణం కోసమే అని కొడుకుకు చెబుతాడు. ఇంటి వైపు నడుస్తూ చేయి పట్టుకుంటాడు, నొప్పి ఎక్కడో అతనికి తెలిసిపోతుంది, అంతే, కుప్పకూలిపోతాడు. ఆ తర్వాత శ్మశానంలో కొడుకు తల్లి పక్కన నిలబడి, ఇన్ని శక్తులుండి కూడా నాన్నను కాపాడుకోలేకపోయానని అంటాడు. ఎవరి ఇంట్లో ఈ మాట వినబడలేదు చెప్పండి? ఆసుపత్రి వరండాలో నిలబడ్డ ప్రతి కొడుకూ, ప్రతి కూతురూ అనుకునే మాటే ఇది.

ఇప్పుడు మళ్లీ చివరికి వెళ్దాం. లోయిస్ శవం ముందు అతను ఆకాశం దద్దరిల్లేలా అరుస్తాడు. పైకి ఎగురుతాడు. మానవ చరిత్రలో జోక్యం చేసుకోకూడదన్న కన్నతండ్రి గొంతు అడ్డు తగులుతుంది. వెంటనే పెంచిన తండ్రి మాట గుర్తొస్తుంది. అతను పెంచిన తండ్రి వైపు మొగ్గుతాడు. తండ్రి విషయంలో చేతకానిది ఈసారి చేసి తీరాలనుకుంటాడు. అందుకే ఈ ముగింపును నేను పూర్తిగా సమర్థిస్తాను. ఎన్నిసార్లు వాదించమన్నా వాదిస్తాను.

మనకు ఎగిరే వీరుడు కొత్త కాదు. 1980లో ఎన్టీఆర్ కథానాయకుడిగా తెలుగులోనూ 'సూపర్‌మేన్' వచ్చింది. అక్కడ ఆ బలం హనుమంతుడి వరం. ఆ ముడి చాలా సహజమైనదని నాకనిపిస్తుంది. సముద్రం దాటినవాడు, కొండను పెకలించి తెచ్చినవాడు రాముడి ముందు చేతులు జోడించి నిలబడతాడు. బలం ఎంత ఉంటే వినయం అంత అందమని మనం చిన్నప్పుడే విన్నాం. రీవ్ ముఖంలో మనకు పరిచయమైనది అదే. హెలికాప్టర్ నుంచి పడిపోతున్న లోయిస్‌ను ఒక చేత్తో, వెనకే కూలుతున్న హెలికాప్టర్‌ను మరో చేత్తో పట్టుకున్నవాడు, అదే రాత్రి ఒక చిన్న పాప పిల్లిని చెట్టు మీద నుంచి దింపి ఇస్తాడు. రెండు పనులూ ఒకే చిరునవ్వుతో చేస్తాడు.

అభిమానుల ప్రేమ మాటలతో ఆగిపోలేదు. మొదటి సినిమాతో పాటే రెండో భాగంలో చాలా వరకు డానర్ తీసేశాడు. నిర్మాతలతో పొసగక ఆయనను పక్కన పెట్టి, మిగతాది వేరే దర్శకుడితో తీయించి విడుదల చేశారు. డానర్ తీసినదంతా ఎక్కడో డబ్బాల్లో ఉందని అభిమానులకు తెలుసు. ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు, అడిగారు, మళ్లీ అడిగారు. చివరికి 2006లో డానర్ కూర్పు బయటికి వచ్చింది. అందులో ఒక ముఖ్యమైన సన్నివేశాన్ని అసలు ఎప్పుడూ చిత్రీకరించనే లేదు. దాంతో పాత్రల ఎంపిక కోసం ఎప్పుడో తీసిన పరీక్షా దృశ్యాలను అతికించారు. ఒక షాట్‌లో రీవ్ బక్కగా, మరో షాట్‌లో బలంగా కనిపిస్తాడు, జుట్టు కూడా కలవదు. అయినా అభిమానులు ఆ అతుకులను ప్రేమగా చూస్తారు. సూపర్‌మ్యాన్ ఇంకా పూర్తిగా సూపర్‌మ్యాన్ కాని రోజుల్లోని రీవ్ అక్కడ కనిపిస్తాడు మరి.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణ కొసన, ఒహాయో నది ఒడ్డున మెట్రోపాలిస్ అనే చిన్న ఊరు నిజంగానే ఉంది. 1972 నుంచి అది సూపర్‌మ్యాన్ సొంత ఊరిగా చెప్పుకుంటోంది. న్యాయస్థానం ముందు 15 అడుగుల రంగుల విగ్రహం ఉంది. ఏటా జూన్‌లో జరిగే ఉత్సవానికి ఎర్ర కేపు కట్టుకున్న పిల్లలు, తాతయ్యలు వస్తారు. అమెరికాలో ఉన్న తెలుగువారు ఎవరైనా అటు వెళితే ఆ విగ్రహం ముందు ఫోటో తీసుకుని కింద వ్యాఖ్యల్లో చెప్పండి, నేను నిజంగా సంతోషిస్తాను.

ఇప్పటిదాకా పాత్ర గురించి చెప్పాను. మనిషి గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 1987లో చిలీలో పినోచే నియంతృత్వం సాగుతోంది. అక్కడ 77 మంది నటులకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. సాయం అడగగానే రీవ్ బయలుదేరి శాంటియాగో వెళ్లాడు. ఒంటి మీద కేపు లేదు, తుపాకీ గుండు తగిలితే మిగతా అందరిలాగే పోతాడు. వెళ్లి ఆ నటుల పక్కన నిలబడ్డాడు, అంతర్జాతీయ పత్రికల చూపు వాళ్ల మీద పడేలా చేశాడు.

1995 మే 27న వర్జీనియాలో జరిగిన పోటీల్లో అతను గుర్రం మీద నుంచి పడిపోయాడు. మెడ ఎముకలు విరిగి, మెడ కింది శరీరం చచ్చుబడింది. ఊపిరి తీయడానికి కూడా యంత్రం కావలసి వచ్చింది. భార్య డేనా అతని పక్కనే ఉంది. వెన్నుపాము గాయాల మీద పరిశోధన కోసం ఇద్దరూ కలిసి ఊపిరి సలపకుండా పనిచేశారు. వాళ్ల పేరు మీద ఉన్న సంస్థ ఈనాటికీ పక్షవాతం బాధితులకు సాయపడుతోంది. 2004 అక్టోబరు 10న రీవ్ వెళ్లిపోయాడు. అప్పటికి వయసు 52 ఏళ్లు. రెండేళ్లు నిండకుండానే డేనా కూడా వెళ్లిపోయింది.

వెన్నును నిటారు చేసి ఒక్క క్షణంలో రెండో మనిషైన ఆ సన్నివేశాన్ని, ఇది తెలిశాక చూడటం వేరు. నాకు గొంతు పట్టేస్తుంది. అయినా చూస్తాను.

2017లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ సినిమాను భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో చేర్చింది. ఇవాళ పాతికేళ్లు కూడా లేని పిల్లలు మొదటిసారి చూస్తూ తీసుకున్న వీడియోలు నేను వరసగా చూస్తుంటాను. మొదట్లో ఫోను వైపు చూస్తూ కూర్చుంటారు. హెలికాప్టర్ దగ్గర ముందుకు వంగుతారు. కళ్లద్దాల దగ్గర అందరూ ఒకే పని చేస్తారు: నోరు తెరిచి, ఆపి, వెనక్కి తిప్పుతారు.

మీ ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అతను పుట్టిన క్రిప్టాన్ గ్రహం భాగం కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టమని చెప్పండి. పేర్లు రావడం మొదలయ్యే ముందు కూడా టీవీ ఆపవద్దు. చిట్టచివర సూర్యుడు ఉదయిస్తుంటే అతను భూమికి పైన ఎగురుతూ వస్తాడు. మన దగ్గరికి రాగానే తల తిప్పి నేరుగా మన కళ్లలోకి చూసి నవ్వుతాడు. ఆ నవ్వు వచ్చినప్పుడు మీరు తెర వైపు కాకుండా పక్కనున్న పిల్లల ముఖం వైపు చూడండి.