సున్నా ఎప్పుడు పడాల?

శ్రోతలందరికీ నమస్కారం. తిరుపతిలో చిన్న ఎడిటింగ్ రూమ్ పెట్టుకోని పెళ్లి వీడియోలు, షాపు ఓపెనింగులకు ఎల్ఈడీ స్క్రీన్ మీద ఆడే గ్రాఫిక్సూ చేస్తా ఉంటాను. ఈ పొద్దు కౌంట్‌డౌన్ గురించి చెప్తా, అదే, పది తొమ్మిది ఎనిమిది అని అంకెలు వెనక్కి దిగేది.

మన జిల్లాకి ఇది కొత్తేం కాదు, శ్రీహరికోట మనదే గదా. 2023 జూలై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచింది, దాని కౌంట్‌డౌన్ ముందురోజు మధ్యాహ్నమే మొదలు, 25 గంటల 30 నిమిషాలు. నాకు పది సెకన్లకే చెమట పట్టింది.

ఏం జరిగిందంటే, ఒక డిసెంబర్ 31 రాత్రి ప్రోగ్రామ్‌కి కౌంట్‌డౌన్ చేసిచ్చినా. పటాకులాయనకి ఒకటే మాట చెప్పినారు, స్క్రీన్ మీద సున్నా పడంగానే అంటించు అని. సున్నా పడింది, ఆయన అంటించేశాడు, పక్కన యాంకర్ వాచీ చూసుకుంటా ఇంకా "ఒకటీ" అంటా ఉన్నాడు! ఒక్క సెకను ముందే వచ్చేసింది కొత్త సంవత్సరం. అందరూ నవ్వేసినారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

తప్పు యాడుందో చెప్తా వినండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అని కదిలే గ్రాఫిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో అంకెలు ఒక్కోటీ టైప్ చేసి కోసుకుంటా పోనక్కర్లే. టెక్స్ట్ లేయర్, అంటే అక్షరాలుండే పొర మీద స్లైడర్ కంట్రోల్ అనే ఎఫెక్ట్ వేసి, మొదట్లో 10కి ఒక కీఫ్రేమ్, అంటే ఈ టైముకి ఈ అంకె ఉండాలనే గుర్తు, పది సెకన్ల దగ్గర 0కి ఇంకో కీఫ్రేమ్ పెట్టాల. తర్వాత సోర్స్ టెక్స్ట్ పక్కన వాచీ గుర్తుంటుంది, ఆల్ట్ పట్టుకోని దాన్ని నొక్కితే ఎక్స్‌ప్రెషన్, అంటే చిన్న కోడ్ రాసే చోటు తెరుచుకుంటుంది, అక్కడ చుట్ట చుట్టుకున్న పాములాంటి గుర్తును లాగి స్లైడర్‌కి తగిలిస్తే అయిపాయె, అంకెలు దిగతాయి. కానీ ఎట్లా దిగతాయి? 9.96, 9.92 అని తోకలతో! ఆ తోక కొయ్యాల. కొయ్యడానికి మూడు దార్లు, ఫ్లోర్, రౌండ్, సీల్.

నేను ఫ్లోర్ వేసినా. ఫ్లోర్ అంటే కిందికి దించేది, 9.96ని 9 చేస్తుంది. అంటే పది అనేది ఒక్క ఫ్రేము, వీడియోలో ఒక్క బొమ్మంత సేపు కనపడి మాయం, ఆ చివర 0.96 కూడా సున్నానే, ఇంకా సెకను మిగిలుండంగానే. రౌండ్ అంటే దగ్గరున్న అంకెకి జరిపేది, అది వేస్తే సున్నా అర సెకను ముందు పడుతుంది. సీల్ అంటే పైకి ఎక్కించేది, అది వేస్తే 9.96 కూడా పదే, పది నిండా ఒక సెకను నిలబడి, సున్నా సరిగ్గా పదో సెకను దగ్గర పడుతుంది. ఒక్క మాట తేడా, అంతే, దానికి ఒక ఊరు ఊరంతా నవ్వింది.

ఇంకోటి, ఈజీ ఈజ్ అని ఒకటుంది, కదలిక మెత్తగా ఉంటుందని అలవాటుగా కొట్టేస్తాం, కౌంట్‌డౌన్‌కి మాత్రం కొట్టొద్దండి, మొదటి సెకనూ చివరి సెకనూ సాగిపోయి మధ్యవి ఉరుకుతాయి. సున్నా నుంచి లక్షకి ఎక్కే నంబర్లకైతే బాగుంటుంది అది, చివర్లో నిదానంగా ఆగతాది.

అంకెలు వణికే జబ్బు కూడా ఉంది. చాలా ఫాంట్లలో ఒకటి సన్నం, ఎనిమిది లావు. మధ్యలో నిలబెడితే 12 నుంచి 11కి, 11 నుంచి 10కి పోయేటప్పుడు అంకెలు అటూ ఇటూ జరగతాయి, తిరునాళ్లలో తోపులాట మాదిరి. అన్ని అంకెలూ ఒకే వెడల్పుండే ఫాంట్ వెతుక్కోవాల, లేదంటే పదుల స్థానం ఒక లేయర్, ఒకట్ల స్థానం ఒక లేయర్‌గా విడగొట్టుకోవాల. కష్టమే, కానీ పెద్ద స్క్రీన్ మీద ఆ వణుకు భలే అసహ్యంగా ఉంటుంది.

ఇప్పుడు నేను సెకనుకి 25 ఫ్రేముల్లో చేస్తా. పంపే ముందు పేజ్ డౌన్ కీ మీద వేలు పెట్టి ఒక్కో ఫ్రేమూ జరుపుతా, నోట్లో లెక్క పెట్టుకుంటా. పది మీద ఇరవై ఐదు నొక్కులైనాక తొమ్మిది వస్తేనే ఎక్స్‌పోర్ట్ కొడతా. మా ఆవిడ పక్క గదిలోనుంచి "మళ్లీ మొదలుపెట్టినావా ఆ లెక్క" అంటాది.