అదే చోట, నాలుగుసార్లు: కలే ‘జంగిల్’ ఫొటోలపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఫ్రాన్స్‌లోని కలే రేవు పక్కన 2015లో పుట్టి, 2016 అక్టోబరులో నేలమట్టమైన వలసదారుల గుడిసెల ఊరి గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ముందు ఆ పేరు సంగతి చెప్పండి మేడమ్. ‘జంగిల్’ అని ఎందుకన్నారు?

పరిశోధకురాలు: చెట్ల మధ్య తలదాచుకున్న అఫ్గాన్ వాళ్లు ఆ చోటును పష్తోలో ‘జంగల్’ అనేవారు, అడవి అని. మనం అనే జంగిల్ కూడా అదే మాట. పేపర్లకెక్కాక మాత్రం, అక్కడున్నవాళ్లు మృగాలన్నట్టు వినిపించసాగింది. నాకది ఇప్పటికీ బాధే.

సమన్వయకర్త: అంతమంది అక్కడికే ఎందుకు చేరారు?

పరిశోధకురాలు: సముద్రానికి అవతల ఎదురుగా బ్రిటన్ ఉంది కాబట్టి. దగ్గర్లోని సాంగట్‌లో 1999 నుంచి నడిచిన రెడ్‌క్రాస్ శిబిరాన్ని 2002లో మూసేశారు. మనుషులు రావడం మాత్రం ఆగలేదు. రెండు దేశాల 2003 ఒప్పందంతో బ్రిటన్ పాస్‌పోర్ట్ తనిఖీ ఫ్రాన్స్ గడ్డమీదికే వచ్చింది. దాంతో దాటలేనివాళ్లు ఇవతలే చిక్కుకుపోయారు.

సమన్వయకర్త: మీరు మొదటిసారి వెళ్లినప్పుడు ఏం చూశారు సార్?

ఫొటోగ్రాఫర్: 2015 చివర్లో వెళ్లాను. బురద, టెంట్లు ఉంటాయనుకున్నాను. బురద ఉంది, కానీ దాని మధ్య ఒక బజారు కూడా ఉంది! అఫ్గాన్ హోటళ్లు, రొట్టెల పొయ్యి, కిరాణా కొట్లు, బడి, లైబ్రరీ. ఎరిత్రియా, ఇథియోపియా వాళ్లు కర్రలు, టార్పాలిన్ పట్టాలతో ఒక చర్చి కట్టుకున్నారు. పట్టా కదా అని తీసిపారేయకండి, దూరం నుంచే కనిపించేంత ఎత్తు. దాన్నే గుర్తుగా పెట్టుకున్నాను. వెళ్లినప్పుడల్లా అదే చోట నిలబడి, అదే వైపు ఒక ఫొటో.

సమన్వయకర్త: ముఖాలు తీయలేదా?

ఫొటోగ్రాఫర్: చాలామంది వద్దన్నారు. ఫొటో బయటికొస్తే ఆశ్రయం కోసం పెట్టుకున్న కేసు దెబ్బతింటుందేమో, ఊళ్లో అమ్మానాన్నలు చూస్తారేమో అని టెన్షన్. ఆ భయం న్యాయమైనదే. గిడియన్ మెండెల్ అనే ఫొటోగ్రాఫరైతే అక్కడ పడున్న టూత్‌బ్రష్‌లు, పిల్లల బొమ్మలు, కాలిన బట్టలు ఏరి తీసుకెళ్లి వాటినే ఫొటోలు తీశారు. నేను గుడిసెలు తీశాను. తలుపుకి తాళం, గుమ్మం ముందు వరసగా చెప్పులు... ఇల్లు అనడానికి ఇంకేం కావాలండీ?

పరిశోధకురాలు: 2016 వేసవికి ప్రభుత్వం లెక్కలోనే దాదాపు 7 వేల మంది. సహాయ సంస్థల లెక్క 9 వేలు దాటింది.

ఫొటోగ్రాఫర్: అవును, అదీ దక్షిణ భాగం పోయాక! ఫిబ్రవరి చివర్లో బుల్‌డోజర్లు వచ్చాయి. మార్చిలో నేను వెళ్లేసరికి చుట్టూ గుడిసెలు లేవు, చర్చిని మాత్రం వదిలేశారు. ఖాళీ నేలలో ఒంటరిగా నిలబడి ఉంది. నాలుగు ఫొటోల్లో నాకు నిద్రపట్టనివ్వనిది అదే.

సమన్వయకర్త: మరి అక్టోబరులో?

ఫొటోగ్రాఫర్: 24న ఊరు ఖాళీ చేయిస్తూ జనాన్ని బస్సులెక్కించడం మొదలైంది. రెండు రోజులకు మంటలు లేచాయి. అప్పుడు నా చుట్టూ ఎంతోమంది కెమెరాలతో ఉన్నారు. హోటళ్లు కట్టుకుంటున్న రోజుల్లో వాళ్లలో ఎందరొచ్చారని కోపమొచ్చింది, ఇప్పటికీ ఉంది.

సమన్వయకర్త: ఆ తర్వాత వెళ్లారా?

ఫొటోగ్రాఫర్: వెళ్లాను. ఆ చోటు దొరకలేదు. పాత ప్రింటు చేత్తో పట్టుకుని, రేవుకెళ్లే హైవే కంచెతో పోల్చుకుంటూ అరగంట తిరిగాను. చర్చి ఉన్న దగ్గర ఇసుక, అక్కడక్కడా గడ్డి. ఇసుకలో ఒక చిన్న చెప్పు కనిపించింది. తీయలేదు, ఫొటో కూడా.