కాలిన మోటరు, పాతికేళ్ల కాగితం
(దేవరకొండలో రైతులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, అక్కలకు, కాలేజీ నుంచి నేరుగా ఇక్కడికే వచ్చిన పిల్లలకు నమస్కారం.

కరెంటు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. దానికంటే ముందు, బాయికాడ నిద్ర కాచిన రైతు కొడుకుని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1997 ఎండాకాలం. మాకు ఎకరంన్నర బత్తాయి తోట, ఒక బోరు ఉండేవి. త్రీ ఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చేది. ఏ రాత్రి ఎన్ని గంటలకు వస్తుందో తెలియదు కాబట్టి నాయన స్టార్టర్ డబ్బా పక్కనే మంచం వేసుకునేవాడు. నేను టార్చిలైటు పట్టుకొని తోడు పడుకునేవాణ్ణి. పాములు తిరిగే చోటు. మా పక్క చేను పెద్దాయన అట్లాగే చీకట్లో స్టార్టర్ దగ్గరికి వెళ్లి పాము కరిచి చనిపోయాడు. ఆ ఎండాకాలం మా మోటరు మూడుసార్లు కాలింది. ప్రతిసారీ నలుగురిని పిలిచి బోరులోంచి పైపులు ఎత్తాలి, మోటరును బస్సు మీద వేసి ఈ ఊరికే వైండింగ్ షాపుకు తేవాలి. షాపు ముందు మోటర్లు వరసగా ఉండేవి. ఒక్కోదాని మీద చాక్‌పీసుతో ఊరి పేరు, ఇంటిపేరు. మన వంతు వచ్చేసరికి నాలుగైదు రోజులు. మూడోసారి డబ్బులకు నాయన గొర్రెలు అమ్మాడు. అప్పటికే తోటలో పిందె రాలిపోయింది.

మోటరు ఎందుకు కాలుతుందో పిల్లలకు చెప్తాను. 415 ఓల్టులు రావాల్సిన చోట 330 వచ్చిందనుకోండి. మోటరుకు చేయాల్సిన పని మాత్రం తగ్గదు, నీళ్లు అంతే లోతు నుంచి రావాలి. అందుకని అది కరెంటును ఎక్కువ లాగుతుంది, దాదాపు పాతిక శాతం ఎక్కువ. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కొన్ని గంటల్లో తీగ మీది పూత మాడిపోతుంది. ఓల్టేజి ఎందుకు పడుతుంది? 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 5 హెచ్‌పీ మోటర్లు పదిహేను, మహా అయితే పద్దెనిమిది మోయగలదు. దానికి ముప్ఫై తగిలిస్తే, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తే, మోటర్లతో పాటు ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. అప్పుడు మోటరుకు ఇంత అని చందా వేసుకొని, ట్రాక్టరు మాట్లాడి, దాన్ని రిపేరుకు మనమే మోసుకుపోతాం. మోసుకుపోవడం మన పని కాదు. అయినా పొలం ఎండుతుంటే రూల్సు మాట్లాడుతూ ఎవరు కూర్చుంటారు?

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. రాత్రి కాపలా పోయింది. దాని విలువ మా నాయనకు తెలుసు, నాకు తెలుసు. అయినా ఈ హాల్లో గత ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ కాలినవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నేను ఊహించగలను. కరెంటు ఉంది, మన దాకా తెచ్చే లైను బలహీనంగా ఉంది. ఇరవై ఏళ్లుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదే: వేల కోట్లు పెట్టి కరెంటు కొనే సంస్థకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడానికి డబ్బు ఎందుకు దొరకదు?

జవాబు కరెంటు కొనుగోలు ఒప్పందాల్లో ఉంది. అందరూ పీపీఏ అంటారు. మనకు తెలిసిన కౌలుతో పోల్చి చెప్తాను. కౌలుకు భూమి తీసుకుంటే పంట పండినా ఎండినా కౌలు కట్టాలి. విత్తనం, ఎరువు ఖర్చు మాత్రం సాగు చేస్తేనే. పీపీఏలోనూ రెండు భాగాలు ఉంటాయి. ఫిక్స్‌డ్ చార్జీ కౌలు లాంటిది. ప్లాంటు కట్టిన అప్పు, వడ్డీ, లాభం అందులో ఉంటాయి. ప్లాంటు సిద్ధంగా ఉందంటే చాలు, మనం కరెంటు తీసుకోకపోయినా కట్టాలి. రెండోది బొగ్గు ఖర్చు, వాడుకున్నంతకే. ఈ కాగితం పన్నెండేళ్ల పాటో పాతికేళ్ల పాటో నడిచేలా సంతకం పడుతుంది. సంతకం పెట్టినవాళ్లు దిగిపోతారు, కౌలు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కరెంటు అమ్మినవాడికి బిల్లు ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, బాకీ పేరుకుపోతే డిస్కం, అంటే మనకు కరెంటు పంచే సంస్థ, బయట మార్కెట్లో కరెంటు కొనుక్కునే దారి కూడా మూసుకుపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆలస్యమైతే ఏం పడుతుంది? మన తోటలో పిందె రాలుతుంది, అంతే. ఆ నష్టం ఏ కంపెనీ లెక్కలోనూ కనపడదు. అందుకే డబ్బు కటకట వచ్చినప్పుడు ఒప్పందం బిల్లు ముందు పోతుంది, మన లైను పని వెనక్కి జరుగుతుంది. సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మీద మనం అరుస్తాం. పాపం ఆయన చేతిలో ఏమీ లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. మహారాష్ట్రలో దాభోల్ దగ్గర ఎన్రాన్ కంపెనీతో 1993లో చేసుకున్న ఒప్పందం గుర్తుందా? ధర డాలరుతో ముడిపడింది. ఆ కరెంటు ఖరీదు భరించలేక 2001లో అక్కడి బోర్డు కొనడమే ఆపేసింది. ఆఫ్రికాలో ఘనా దేశం కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ 2012 తర్వాత కోతలు ఎంత ఎక్కువయ్యాయంటే జనం వాటికి ‘డుమ్‌సోర్’ అని పేరే పెట్టుకున్నారు. ఆరిపోవడం, వెలగడం అని దాని అర్థం. ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది, హడావుడిగా ఒప్పందాలు చేసుకుంది. కొన్నేళ్లకే అవసరం కంటే దాదాపు రెట్టింపు సామర్థ్యం పోగైంది. వాడని కరెంటుకు ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా కడుతున్నామని 2019లో ఆ దేశ ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. చీకటి భయంలో సంతకం పెడితే అట్లా అవుతుంది.

2014లో మన దగ్గరా చీకటి భయం ఉంది. కొత్త రాష్ట్రం, కరెంటు లోటు నిజం. పంటలు ఎండుతున్నాయి. ఆ రోజు కరెంటు కొనడం తప్పని నేను అనను. ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్లకు 12 ఏళ్ల ఒప్పందం 2015లో కుదిరింది. టెండరు లేకుండా, ప్రభుత్వానికీ ప్రభుత్వానికీ మధ్య. విద్యుత్ ఇంజనీర్లలోనే కొందరు అప్పుడే అభ్యంతరాలు చెప్పారు. సరఫరా మధ్యలోనే ఆగింది, బాకీల తగాదా మిగిలింది. 2024లో ఆ ఒప్పందం మీద, భద్రాద్రి, యాదాద్రి బొగ్గు కరెంటు ప్లాంట్ల మీద విచారణ కమిషన్ వేశారు. ఎవరిది తప్పు అన్న వాదన పార్టీలు చేసుకోనివ్వండి. నాకు కావాల్సింది వేరే: విద్యుత్ నియంత్రణ మండలి ఆ అభ్యంతరాలు విన్న రోజు ఈ జిల్లా రైతులు ఆ గదిలో ఎందరున్నారు?

యాదాద్రి ప్లాంటు మన దామరచర్ల మండలంలోనే, వీర్లపాలెం దగ్గర. అయిదు యూనిట్లు, 4,000 మెగావాట్లు. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే మొదట పూర్తయిన యూనిట్‌ను జాతికి అంకితం చేసింది 2024 డిసెంబరులో. కట్టడం ఆలస్యమైన ప్రతి ఏడాదీ అప్పు మీద వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ ఫిక్స్‌డ్ చార్జీలోకి వస్తుంది. బొగ్గు సింగరేణి నుంచి ఇంత దూరం రైలులో రావాలి, ఆ ఖర్చు కూడా యూనిట్ ధరలోనే పడుతుంది. పాలమూరు వైపు పోతే రోడ్ల పక్కన సోలార్ పలకలు మెరుస్తుంటాయి. 2014, 15 ప్రాంతంలో రాష్ట్రంలో సోలార్ ఒప్పందాలు యూనిట్‌కు 5 రూపాయల పైనే కుదిరాయి, పాతికేళ్లకు. 2020లో గుజరాత్ టెండర్లలో ధర 1 రూపాయి 99 పైసలకు దిగింది. మన ఒప్పందాల నాటికి ఆ 5 రూపాయలు మార్కెట్ ధరే, ఒప్పుకుంటాను. కానీ పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2019లో పాత ధరలు తిరగదోడాలని చూస్తే, ఒప్పందం ప్రకారం కట్టాల్సిందేనని 2022లో హైకోర్టు చెప్పింది. అడగాల్సింది ఏదైనా ఉంటే సంతకానికి ముందే అడగాలి.

ఇక అప్పు. 2023 డిసెంబరులో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం ప్రకారం మన విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లు. ప్రభుత్వ శాఖలే కట్టాల్సిన బిల్లులు 28 వేల కోట్లకు పైగా. ఈ భారం చివరికి మన చార్జీల మీద పడుతుందేమోనని, ఇవి విన్నప్పుడు నాకు 2000 ఆగస్టు 28 గుర్తొస్తుంది. పెంచిన కరెంటు చార్జీలు తగ్గించమని హైదరాబాద్‌లో ఊరేగింపు తీస్తే బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్చారు. ముగ్గురు చనిపోయారు. నేను అప్పుడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. ఆ రాత్రి రేడియో దగ్గర మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టులో మంటలు లేచి తొమ్మిది మంది ఉద్యోగులు, కార్మికులు భూగర్భంలో ఊపిరాడక పోయారు. కరెంటు తయారుచేసేవాళ్ల ప్రాణాలు కూడా ఈ లెక్కలో ఉన్నాయని పిల్లలు మరచిపోవద్దు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటి చెప్తాను. చార్జీలు పెంచాలన్నా, ఒప్పందానికి ఆమోదం కావాలన్నా డిస్కంలు విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు రావాలి. చార్జీల మీద మండలి బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, నిలబడి తెలుగులో మాట్లాడవచ్చు. వకీలు అక్కర్లేదు. అక్కడికి పట్నం పెద్దలు, ఫ్యాక్టరీల తరఫువాళ్లు అంకెలతో వస్తారు. మనం బాధతో పోతాం, అంకెలు లేకుండా పోతాం. బాధను రెండు నిమిషాలు విని పక్కన పెడతారు, అంకెకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

అందుకే పిల్లలకు ఒక పని. మీ ఊళ్లో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లండి. స్తంభం ఎక్కొద్దు, ఫ్యూజు ముట్టొద్దు. దాని మీద రాసి ఉన్న నంబరు, ఎన్ని కేవీఏ, దాని కింద ఎన్ని మోటర్లు, గత రెండేళ్లలో ఎప్పుడెప్పుడు కాలింది, కొత్తది ఎన్నో రోజుకు వచ్చింది, ఎంత చందా వేసుకున్నారు, ఎన్ని మోటర్లు వైండింగుకు పోయాయి, ఇవన్నీ నోటుబుక్కులో రాయండి. తారీకు గుర్తులేకపోతే ఇంట్లో అమ్మను అడగండి, డబ్బు ఎవరి దగ్గర తెచ్చారో ఆమెకు గుర్తుంటుంది. వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే కూర్చుందాం. నేను పోయినసారి టారిఫ్ ఆర్డరు, అంటే చార్జీల మీద మండలి ఇచ్చిన ఉత్తర్వు, తెస్తాను, ఫిక్స్‌డ్ చార్జీల పేజీ తెలుగులో చెప్పుకుందాం. దాని పక్కన మీ నోటుబుక్కులు పెట్టి అభ్యంతరం అక్కడే రాద్దాం.