చైనా పల్లెకు పిల్లలతో వెళ్తున్నారా? ముందు వరసలు నేర్పండి

అంకుల్, ఆంటీ అన్న రెండు మాటల్నీ విమానం ఎక్కకముందే పిల్లల చేత మాన్పించేయండి. చైనా పల్లెలో చుట్టాలింటికి వెళ్తే వాటితో పని జరగదు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎదురుగా పదిమంది పెద్దవాళ్లు నిలబడి ఉంటారు. ఒక్కొక్కరి ముందుకూ పిల్లల్ని తీసుకెళ్లి "జియావ్ రెన్, జియావ్ రెన్" అంటారు. "వరస పెట్టి పిలువు" అని దాని అర్థం. అక్కడ నమస్కారం పెట్టడం అంటే అదే. పిల్లలు నోరు విప్పకపోతే సిగ్గుపడుతున్నారని సరిపెట్టుకుంటారు గానీ, సరైన వరసతో పిలిస్తే మాత్రం ఆ ముసలావిడ మొహం చూడాలి.

ఈ వీడియో భార్యాభర్తల్లో ఒకరు తెలుగువారు, ఒకరు చైనా వారు అయిన కుటుంబాల కోసం. సింగపూర్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. చైనా చాలా పెద్ద దేశం కాబట్టి నేను చెప్పేదంతా ముఖ్యంగా హునాన్, సిచువాన్, గుయిజౌ వైపు పల్లెల గురించి, అదీ చలికాలంలో, వాళ్ల కొత్త సంవత్సరం పండక్కి వెళ్లే వాళ్ల గురించి.

వరసల దగ్గర మనకో అదృష్టం ఉంది. ఇంగ్లీషులో పెరిగిన పిల్లలకు ఇది పెద్ద తలనొప్పి, తెలుగు తెలిసిన పిల్లలకు సగం పని ముందే అయిపోయింది. నాన్న అన్న "బోబో", అంటే మన పెదనాన్న. నాన్న తమ్ముడు "షూషు", బాబాయి. నాన్న అక్కచెల్లెళ్లు "గూగు", మేనత్త. అమ్మ అన్నదమ్ములు "జియోజియో", మేనమామ. అమ్మ అక్కచెల్లెళ్లు "యీ", అంటే పెద్దమ్మ, పిన్ని. నాన్న తల్లి "నైనై", మన నానమ్మ. అమ్మ తల్లి దక్షిణాదిలో "వైపో", ఉత్తరాదిలో "లావ్‌లావ్", మన అమ్మమ్మ. మనం పెద్ద మామయ్య, చిన్న మామయ్య అన్నట్టు వాళ్లు అంకెలు పెడతారు. "దా జియో" అంటే పెద్ద మేనమామ, "అర్ జియో" అంటే రెండో మేనమామ. సిచువాన్‌లో అందరికన్నా చిన్నవాళ్లకు "యావ్" అని చేరుస్తారు.

ఒక్క చోట మన లెక్క తప్పుతుంది. మనకు పెదనాన్న, బాబాయిల పిల్లలూ, పెద్దమ్మ, పిన్నిల పిల్లలూ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. వాళ్లకు నాన్న అన్నదమ్ముల పిల్లలే "తాంగ్", అంటే సొంత వంశం. పిన్ని పిల్లలైనా, మేనమామ పిల్లలైనా, మేనత్త పిల్లలైనా అందరూ "బియావ్". ఇంకో సంగతి. బావామరదళ్ల సరసాలు అక్కడ వద్దు. మూడు తరాల లోపు రక్తసంబంధం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవడం చైనా చట్టంలో నిషేధం. మేనమామ కూతుర్ని చూపించి "ఇదిగోరా నీ పెళ్లాం" అని మనం నవ్వినట్టు నవ్వితే అక్కడ ఎవరూ నవ్వరు.

వెళ్లే నెల ముందు ఒక కాగితం తయారు చేయండి. చైనావాళ్ల వాట్సాప్ లాంటి వీచాట్‌లో ఉన్న కుటుంబం గ్రూపులోంచి ఫోటోలు తీసి, ఒక్కో ఫోటో కింద చైనా వరస, పక్కన తెలుగు వరస రాయండి. పది పన్నెండు మంది చాలు, మిగతా వాళ్లు అక్కడికి వెళ్లాక వస్తారు. పిలుపుల్ని పుస్తకంలో చూసి నేర్పకండి. పల్లెలో మాట్లాడేది యాస, తాతయ్యను పిలిచే మాట పక్క జిల్లాకే మారిపోతుంది. ఆ ఊరివాళ్ల చేతే వాయిస్ మెసేజ్‌లు పెట్టించుకుని పిల్లలకు వినిపించండి. ఫోన్‌లోని అనువాదం యాప్‌లు కూడా నానమ్మ యాస దగ్గర చేతులెత్తేస్తాయి. అక్కడ మీ దుబాసీ ఎవరంటే, బడికెళ్లే పదేళ్ల బియావ్ అన్నయ్యే.

ఎప్పుడు వెళ్లాలి? మొదటిసారికి ఎండాకాలమే సుఖం. రైళ్లు దొరుకుతాయి, చలి ఉండదు. కానీ ఇంట్లో తాతా నానమ్మా తప్ప ఎవరూ కనపడరు. పడుచువాళ్లంతా గ్వాంగ్‌డాంగ్‌కో షాంఘైకో పనికి పోయి ఉంటారు, మళ్లీ ఇల్లు చేరేది పండక్కే. పిల్లలకు అన్నలూ అక్కలూ కావాలంటే పండగ రద్దీ తప్పదు. 2027లో ఆ పండగ ఫిబ్రవరి 6న. అల్లుళ్లకు ఓ మాట: చాలాచోట్ల పండగ ముందు రాత్రి భోజనం భర్త ఇంట్లోనే, కూతురు పుట్టింటికి వచ్చేది పండగ రెండో రోజున. పెళ్లయిన కూతురు ఆ ముందు రాత్రి పుట్టింట్లో ఉండకూడదని పట్టింపు ఉన్న ఊళ్లూ ఉన్నాయి. టికెట్ కొనే ముందే అత్తగారిని అడగండి.

కాగితాల దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది పిల్లల వీసాలో. బంధువులను చూడ్డానికి వెళ్లే వీసా పేరు క్యూ2. ఆహ్వాన లేఖ, పిలిచిన వాళ్ల గుర్తింపు కార్డు నకలు, చుట్టరికం రుజువు ఇస్తే సరిపోతుంది. కానీ మీ బిడ్డకు అసలు వీసా ఇస్తారా అన్నది ముందు తేల్చుకోవాలి. చైనా జాతీయత చట్టం 5వ నిబంధన ప్రకారం తల్లిదండ్రుల్లో ఒకరు చైనా పౌరులైతే విదేశంలో పుట్టిన బిడ్డ కూడా చైనా పౌరుడే. ఆ తల్లి లేదా తండ్రి అప్పటికే విదేశంలో స్థిరపడి, బిడ్డకు పుట్టుకతోనే ఆ దేశ పౌరసత్వం వస్తే మాత్రం కాదు. అంటే అమెరికాలో చైనా పౌరురాలైన అమ్మ హెచ్1బీ మీద ఉన్నప్పుడు పుట్టిన పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉన్నా, చైనా లెక్కలో ఆ పాప తమ పౌరురాలే. వీసా ఇవ్వరు, "లుషింగ్ జెంగ్" అనే ప్రయాణ పత్రం ఇస్తారు. గ్రీన్ కార్డు వచ్చాక పుట్టిన తమ్ముడికి మామూలు వీసా. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు దారులు! ప్రయాణానికి రెండు వారాల ముందు ఇది బయటపడితే ఏమీ చేయలేరు. అందుకే పుట్టిన నాటికి అమ్మానాన్నల వీసా ఏంటో చూపే కాగితాలు తీసి ముందే పక్కన పెట్టుకోండి.

రైలు టికెట్లు 12306 అనే ప్రభుత్వ యాప్‌లో పదిహేను రోజుల ముందు తెరుస్తారు, పండగ రోజుల్లో క్షణాల్లో అయిపోతాయి. పాస్‌పోర్టు వివరాలు పెట్టాక వాళ్లు సరిచూడ్డానికి సమయం పడుతుంది కాబట్టి ఖాతా ముందే తెరిచి ఉంచండి. మన తెలుగు పేర్ల గొడవ ఇక్కడే. పొడుగాటి ఇంటిపేరు, ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టాలి. ఆరేళ్ల లోపు పిల్లలు ఉచితం, కానీ సీటు రాదు. అదీ టికెట్ కొన్న ఒక్కో పెద్దవారికి ఒక్కరే, బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ఆరు నుంచి పద్నాలుగు లోపు వాళ్లకు సగం ధర టికెట్. ప్రతి పెట్టెలో వేడినీళ్ల కుళాయి ఉంటుంది. పిల్లలకు మూత గట్టిగా పట్టే ఫ్లాస్క్ ఒకటి పట్టుకెళ్లండి.

స్టేషన్ నుంచి ఊరికి తీసుకెళ్లేది మన ఓమ్నీ లాంటి వ్యాను. దాన్ని "రొట్టె బండి" అంటారు, ఆకారం అలా ఉంటుందని. అందులో పిల్లల సీటు ఉండదు, వెనకాల బెల్టు ఉన్నా సీటు కింద ఇరుక్కుపోయి ఉంటుంది. మడత పెట్టే బూస్టర్ సీటు మీరే తీసుకెళ్లండి. కొండ మలుపుల్లో పిల్లలకు వాంతులు ఖాయం, కాబట్టి ప్లాస్టిక్ సంచులు చేతికందేలా ఉంచుకోండి.

ఊరు చేరిన 24 గంటల్లో పోలీస్ స్టేషన్‌లో పేర్లు రాయించాలి. హోటల్లో దిగితే హోటల్ వాళ్లే చేస్తారు, చుట్టాలింట్లో దిగితే ఆ బాధ్యత మీదీ ఇంటివాళ్లదీ. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పాస్‌పోర్టులతో పాటు ఇంటి యజమాని గుర్తింపు కార్డు, "హుకో" పుస్తకం తీసుకెళ్లండి. హుకో అంటే మన రేషన్ కార్డులా ఇంటిల్లిపాది పేర్లూ ఉన్న పుస్తకం. "పండగ పూట ఎవరడుగుతారులే" అని మామయ్య అంటాడు. వినకండి, జరిమానా 2000 యువాన్ల దాకా ఉంది.

ఇక చలి. థర్మామీటర్‌లో అంకె చూసి మోసపోకండి. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది గీతకు దక్షిణాన ఇళ్లను వేడి చేసే గొట్టాలు లేవు. హునాన్‌లో బయట ఐదు డిగ్రీలంటే ఇంట్లోనూ ఇంచుమించు అంతే. పైగా తలుపులు బార్లా తెరిచి ఉంచుతారు. చలి తడిగా, ఎముకల్లోకి దిగేలా ఉంటుంది. పిల్లలకు ఒక దొడ్డు కోటు కన్నా పలుచటివి మూడు పొరలు మేలు. ఒంటికి అంటుకునే లోపలి జతలు మూడు, ఉన్ని సాక్సులు అరడజను, ఇంట్లో వేసుకోవడానికి బొచ్చు చెప్పులు ఉండాలి. అయినా నానమ్మ ఇంకో పూల కోటు తొడుగుతుంది. "నానమ్మ నీకు చలేస్తోందని అనుకునే చలి" అని చైనావాళ్లే జోకు వేసుకుంటారు.

అందరూ కూర్చునేది ఒకే బల్ల చుట్టూ. బల్ల కింద నిప్పులో, కరెంటు హీటరో, పైన కాళ్ల మీదకు వచ్చే దుప్పటి ఉంటాయి. కరెంటుదైతే పర్వాలేదు. బొగ్గు నిప్పులైతే కిటికీ జానెడు తెరిచి ఉండాలి, ఆ కుంపటి పడకగదిలోకి రానే కూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, మగతగా మొదలవుతుంది, నిద్రలో ఉన్న పిల్లవాడు అది చెప్పలేడు. బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఒకటి సూట్‌కేసులో వేసుకోండి. పడుకునేటప్పుడు పరుపు మీద కరెంటు దుప్పటిని అరగంట ముందు వేసి, పిల్లలు ఎక్కగానే స్విచ్ ఆపేయాలి. పక్క తడిపే వయసు పిల్లలుంటే అది వాడనే వద్దు.

ఇల్లు ఎంత ఆప్యాయంగా ఉన్నా జిల్లా కేంద్రంలో ఒక హోటల్ గది ముందే చూసి పెట్టుకోండి. ఐదారు రాత్రుల్లో ఒకటి అక్కడ పడుకుంటే వేడినీళ్ల స్నానం అవుతుంది, పిల్లల కోపతాపాలు సగం తగ్గుతాయి. "చలికి కాదు, సామాన్లు కొనాలి" అని చెప్పండి. ఇది అబద్ధమే, కానీ అవసరమైన అబద్ధం.

తిండి సంగతి. కారం మన పిల్లలకు సమస్య కాదు, సిచువాన్ మిరియం నాలుక మొద్దుబార్చితే కాస్త భయపడతారంతే. చిక్కంతా శాకాహారులకు. అక్కడ "రో" అంటే మాంసం, ఏ మాంసమో చెప్పకపోతే పంది మాంసమే. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసేసి అదే కూర పెడతారు. ఆకుకూర కూడా పంది కొవ్వులో వేయిస్తారు. "చి సూ" అనండి. బౌద్ధ భక్తులు తినే శుద్ధ శాకాహారం అని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, దేవుడి మాట వచ్చేసరికి బలవంతపెట్టరు. దాంతోపాటు "పంది నూనె వేయకండి" అన్న వాక్యం చైనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. పిల్లల గిన్నె ఖాళీ అయితే నింపుతూనే ఉంటారు, చాలంటే అడుగున కాస్త వదిలేయాలి. తినే పుల్లల్ని (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చకూడదని ముందే నేర్పండి, చచ్చిపోయిన వాళ్ల ముందు అగరుబత్తీలు గుచ్చినట్టుంటుంది.

నాన్నలకు ఒక్క ముక్క. "బైజియో" సారా వద్దనుకుంటే మొదటి గ్లాసుకే వద్దనాలి. ఒకటి తాగి రెండోదానికి వద్దంటే అవమానం. యాంటీబయాటిక్ వాడుతున్నానంటే అందరూ ఆగిపోతారు.

హాంగ్‌బావ్, అంటే పిల్లలకిచ్చే ఎర్ర కవరు. పిల్లలు రెండు చేతులా తీసుకోవాలి, ఇచ్చినవాళ్ల ముందు విప్పకూడదు. మీరు రెండు మూడుసార్లు "వద్దు వద్దు" అనాలి, వాళ్లు పిల్లాడి జేబులో కుక్కాలి. ఈ తోపులాట మర్యాదలో భాగమే. రాత్రికి ఎవరు ఎంతిచ్చారో రాసుకుని, వాళ్ల పిల్లలకు అంతకు తగ్గకుండా మీరివ్వాలి. కొత్త నోట్లు పట్నంలోనే బ్యాంకులో మార్చుకోండి. అంకె సరిసంఖ్య కావాలి. నాలుగు వద్దు, అది చావు మాటలా వినిపిస్తుంది. ఆరు, ఎనిమిది మంచివి. మన నూటపదహార్లకు అక్కడా అడ్డు లేదు గానీ చిల్లర నోట్లు పెట్టరు, 200, 600 అలా ఇస్తారు. 250 మాత్రం పొరపాటున కూడా వద్దు. "అర్ బై వూ" అంటే అక్కడ వెధవ అని తిట్టు! తెల్ల కవరు చావుకు. విదేశీ కార్డు కలిపిన వీచాట్‌లో కొనుగోళ్లు జరుగుతాయి గానీ హాంగ్‌బావ్ పంపడం కుదరకపోవచ్చు, అందుకే నోట్లు దగ్గర ఉంచుకోండి.

మీరు తీసుకెళ్లే కానుకల్లో గోడ గడియారం, గొడుగు ఉండకూడదు. గడియారం ఇవ్వడం అంటే అంత్యక్రియల మాటలా, గొడుగు అంటే విడిపోవడంలా పలుకుతుంది. చైనా కస్టమ్స్ దగ్గర మాంసం, గుడ్లు, పాల పదార్థాలు, తాజా పండ్లు, విత్తనాలు ఆపేస్తారు. రొయ్యల పచ్చడి, నేతి స్వీట్లు ఇంట్లోనే ఉంచి, ప్యాకెట్ కట్టిన వేయించిన జీడిపప్పు పట్టుకెళ్లండి.

టపాకాయల దగ్గర గట్టిగా ఉండండి. చిన్న పిల్లల చేతికి కూడా గీసి విసిరే బాంబులు ఇచ్చేస్తారు. సెప్టిక్ ట్యాంకు మూత, మురుగు కాలువ మూత దగ్గర వెలిగించనివ్వకండి. లోపలి గ్యాస్ అంటుకుని మూత పైకి లేస్తుంది. ఏటా పండగలో జరిగే ప్రమాదమే ఇది. ఊరి కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్లతో కడిగి, వెంటనే జిల్లా ఆసుపత్రికి పోవాలి. అంబులెన్స్ నంబరు 120.

తిరుగు ప్రయాణం రోజున డిక్కీ తెరిచి ఉంచండి. పొట్టులో పెట్టిన నాటుకోడి గుడ్లు, పొగబెట్టిన పంది మాంసం, నూనె డబ్బా, బియ్యం సంచీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వద్దని చెప్పే ప్రయత్నం చేయకండి, నానమ్మ ఇంకో సంచీ తెస్తుంది. ఆ మాంసం అమెరికా కస్టమ్స్‌లోనూ ఆస్ట్రేలియా కస్టమ్స్‌లోనూ దాటదు కాబట్టి, పట్నంలో ఉండే తాంగ్ అన్నయ్య ఇంటి దగ్గర ఆగి మొత్తం అక్కడ దింపేయండి. ఫోటో మాత్రం మీ డిక్కీలో ఉండగానే తీసి, కుటుంబం గ్రూపులో పెట్టండి.