పై బెర్తులో చలి, కింది బెర్తులో ఉక్క

థర్డ్ ఏసీలో రాత్రి ప్రయాణం చేసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. దాదాపు అందరూ ఉన్నారు, మంచిది. పై బెర్తు అబ్బాయి దుప్పటి చెవుల దాకా లాక్కుని పడుకుంటాడు, సరిగ్గా అదే సమయానికి కింది బెర్తులో పెద్దావిడ "ఏసీ పనిచేయట్లేదు బాబూ" అని అటెండెంట్‌ని పిలుస్తుంది. ఇద్దరిదీ నిజమే.

ఎల్‌హెచ్‌బీ, అంటే జర్మన్ డిజైన్‌తో వచ్చిన కొత్త రకం రైలు పెట్టెకి రెండు చివర్లా కప్పు మీద ఒక్కో ఏసీ యూనిట్ ఉంటుంది. చల్లగాలి సీలింగ్ డక్టులోంచి వస్తుంది కాబట్టి ముందు తగిలేది పై బెర్తుకే. రాత్రి మధ్య బెర్తు ఎత్తి గొలుసులు తగిలించామా, కిందికి దిగే గాలికి అదొక అడ్డం. పైగా కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, 72 మంది అంటే ఏడు రూమ్ హీటర్లు వేసినట్టే. పెద్దవాళ్లకి మనం ఏరికోరి ఇప్పించేది కింది బెర్తు, ఉక్క కూడా అక్కడే. నాకు బాధనిపించేది ఇదే.

ఇక్కడ టెంపరేచర్ మార్చి లాభం లేదు, గాలి దారి మార్చాలి. ఆ దారి కంటికి కనబడదు, అందుకే సీఎఫ్‌డీ (కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్), అంటే గాలి ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్క కట్టడం. పెట్టెలోని ఖాళీ అంతా లక్షల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోకీ ఎంత గాలి, ఎంత వేడి వచ్చింది, ఎంత పోయింది అని లెక్క కడతాం. సూత్రాలు 19వ శతాబ్దంలో నావియర్, స్టోక్స్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చినవే. గాలి బయటికొచ్చే సందుల దగ్గర, మనుషుల చుట్టూ గళ్లు మరీ చిన్నగా ఉండాలి. మనుషులు లేని ఖాళీ పెట్టెకి లెక్క కట్టి రంగుల బొమ్మ చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే ఒంటి మీంచి లేచే వెచ్చని గాలే చల్లగాలిని పక్కకి నెడుతుంది.

హాయిని కొలవడానికి డెన్మార్క్‌కి చెందిన ఫాంగర్ అనే ఇంజనీరు 1970లోనే స్కేలు ఇచ్చాడు, మైనస్ 3 అంటే వణుకు, ప్లస్ 3 అంటే ఉడుకు. సరిగ్గా సున్నా వచ్చినా నూటికి ఐదుగురు బాలేదనే అంటారని ఆయన లెక్క. ఆ ఐదుగురిని వదిలేయమని కాదు, 2021లో వచ్చిన థర్డ్ ఏసీ ఎకానమీ పెట్టెల్లో బెర్తు బెర్తుకీ విడిగా గాలి రంధ్రం పెట్టింది అలాంటివాళ్ల కోసం కూడా.

ఈసారి ఊరెళ్లేటప్పుడు ఒక దారం ముక్క తీసుకెళ్లండి. తల దగ్గర, కాళ్ల దగ్గర వేలాడదీసి అది ఎటు ఊగుతోందో రాసుకుని రండి, మన సీఎఫ్‌డీ లెక్కని దాంతోనే సరిచూద్దాం.